హౌస్ కమిటీ కాదు చాచా, ఖానూన్ కావాలి

మొన్న జుమా నమాజ్ అయ్యాక పేట్ బషీరాబాద్‌లో చాయ్ తాగుతుంటే మళ్లీ హెచ్‌సీఏ ముచ్చటే. ఉప్పల్ స్టేడియం మన మేడ్చల్ జిల్లాలోదే కదా. 2025 జూలైలో హెచ్‌సీఏ అధ్యక్షుణ్ణే సీఐడీ అరెస్టు చేసింది. అరెస్టంటే జుర్మ్ రుజువైనట్టు కాదు, అది అదాలత్ తేల్చాలి. కానీ ఓ చాచా అన్నారు: "ఎమ్మెల్యేలతో హౌస్ కమిటీ వేస్తే అంతా బయటికొస్తది."

అదబ్‌తోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను.

2005లో అమెరికా కాంగ్రెస్ బేస్‌బాల్ ఆటగాళ్లను పిలిపించి డోపింగ్ గురించి నిలదీసింది, నిజమే. మన దగ్గర కుర్సీల సంగతి చూడండి. శరద్ పవార్ కేంద్రమంత్రిగా ఉంటూనే బీసీసీఐ అధ్యక్షుడు. అనురాగ్ ఠాకూర్ ఎంపీగా ఉంటూనే బీసీసీఐ అధ్యక్షుడు. బోర్డుల్లో కూర్చునేదీ సియాసత్‌వాళ్లే, తనిఖీ చేసేదీ వాళ్లేనా? చేను మేసిందెవరని కంచెనే అడిగినట్టుంటుంది.

మన అజ్జూ భాయ్ కిస్సా గుర్తు చేసుకోండి. 2000 డిసెంబర్‌లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గరే ఆట ఆగిపోయింది. "మీవోడే మ్యాచ్ అమ్ముకున్నడు" అనే తానా మా తరం బడిలో, గల్లీలో విన్నది. అదే సజా అజయ్ శర్మకూ పడింది. ఆయన పేరు చెప్పి ఏ మొహల్లానూ ఎవరూ దెప్పలేదు. 2009లో అజహర్ మొరాదాబాద్ ఎంపీ అయ్యారు. మైదానానికి పనికిరాడన్న మనిషి ఖానూన్ చేసే సభలో కూర్చున్నారు! 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది.

మనవాడని నేను సఫాయీ ఇవ్వడం లేదు. బేగునా అయితే ఆ పన్నెండేళ్లు జుల్మ్. గునాగార్ అయితే దానికి తగ్గ ముఖద్దమా నడవలేదు. ఎటు చూసినా ఇన్సాఫ్ జరగలేదు. మిగిలింది తోహ్మత్ ఒక్కటే, దాన్ని మోసింది ఖౌమ్.

ఎందుకిలా? మ్యాచ్ ఫిక్సింగ్‌ను సూటిగా నేరమని చెప్పే ప్రత్యేక ఖానూన్ మన పార్లమెంటు చేయలేదు కాబట్టి. 2013లో ఒక బిల్లు ముసాయిదా రాశారు, అది చట్టం కాలేదు. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఫిక్సింగ్ చీటింగ్ సెక్షన్ కిందికి రాదని చెప్పింది. చిన్న దేశం శ్రీలంక 2019లోనే దీన్ని నేరం చేసింది.

ఖానూన్ ఉంటే గవాహీ ఉంటుంది, జిరహ్ ఉంటుంది, సజాకో రిహాయీకో ఒక లెక్క ఉంటుంది. లేకపోతే టీవీలో అరుపులు, గల్లీలో తానాలు. రేపు మన మొహల్లా పిల్లాడెవడైనా పెద్ద ఆటలోకి వెళితే వాడి గతీ ఇంతే.

కాబట్టి చాచా, ఓట్లకొచ్చిన ఎంపీని కమిటీ అడగకండి. ఒకే మాట చెప్పండి: తఫ్తీష్ పోలీసులది, ఫైసలా అదాలత్‌ది, ఖానూన్ రాయడం మీది. ముందు మీ పని చేయండి, జనాబ్.