చారు కాచడం కూడా చెప్పి తీరాల్సిన సంగతే

ఆగస్టు నెలలో శంషాబాద్ విమానాశ్రయం నుంచి అమెరికా చదువులకు బయల్దేరే పిల్లల పెట్టెల్లో ఏముంటాయో విప్పి చూడక్కర్లేదు. ఆవకాయ, గోంగూర పచ్చడి నూనె కారకుండా రెండు మూడు కవర్లలో చుట్టి ఉంటాయి. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, చిన్న ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా సరేసరి. తూకంలో బరువు ఎక్కువ తేలితే అక్కడే పెట్టె విప్పి నాలుగు చొక్కాలు తీసి బయట పెడతారు గాని, పచ్చడి ప్యాకెట్ జోలికి పోరు. ఇంత శ్రద్ధగా సర్దే అమ్మలు, అమ్మమ్మలు ఒక్కటి మరిచిపోతారు. ఇంట్లో రోజూ చేసే చారు, పప్పు, కూర ఎలా చేయాలో రాసిన కాగితం. అదేం పెద్ద వంటని, అదీ రాయాలా అనుకుంటారు.

రెండు వారాలు తిరక్కముందే ఫోన్లు మొదలవుతాయి. అక్కడ రాత్రి వంట వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. వీడియోలో గిన్నె చూపిస్తూ కొడుకు అడుగుతుంటాడు, అమ్మ చెబుతుంటుంది. "కాస్త ఉప్పెయ్యి", "సరిపడా నీళ్లు పొయ్యి", "పచ్చివాసన పోయేదాకా వేయించు నాన్నా". పాతికేళ్లుగా గరిటె పట్టిన చేతికి ఈ మాటలు చాలు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ వంటింటి గడప దాటని పిల్లవాడికి పచ్చివాసన అంటే ఏ వాసనో, అది పోయిందని ఎలా తెలుస్తుందో ఎవరు చెప్పాలి?

తేలిక వంటల గురించి గట్టిగా అనాల్సిన మాట ఇదే. చేసేవాళ్లకు తేలిక కాబట్టి వాటిని ఎవరూ చెప్పరు. అడగడానికి మొహమాటం కాబట్టి ఎవరూ అడగరు. పూర్ణాలు, అరిసెలు, బిర్యానీ లాంటి పెద్ద వంటలకు పుస్తకాలున్నాయి, పోటీలున్నాయి, లక్షల మంది చూసే వీడియోలున్నాయి. ఏడాదిలో మూడొందల రోజులు కడుపు నింపే పదిహేను ఇరవై వంటలు మాత్రం ఆ ఇంటి ఇల్లాలి చేతిలోనే ఉండిపోతున్నాయి. వాటిని కొలతలతో, గుర్తులతో రాసి నలుగురికీ పంచడం ప్రతి ఇంటివాళ్లూ పెట్టుకోవాల్సిన పని.

తెలుగులో ఈ పనికి దారి వేసినవారిలో మాలతీ చందూర్‌ది పెద్ద పేరు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' శీర్షిక నడిపిన రచయిత్రి ఆమె. 'హృదయనేత్రి' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. అంతటి నవలాకారిణి 'వంటలు - పిండివంటలు' పుస్తకం రాయడం తన స్థాయికి తక్కువ అనుకోలేదు. ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. కొత్త కాపురానికి వెళ్లే అమ్మాయిల సామానులో చేరింది. తమిళంలో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తెచ్చిన 'సమైత్తు పార్' కూడా అలాంటిదే. చూసి నేర్చుకునే వీలులేని కోడళ్లకు, ఊరు మారిన ఉద్యోగుల ఇళ్లకు ఈ పుస్తకాలు పెద్ద దిక్కయ్యాయి. ఉమ్మడి కుటుంబాలు విడిపోతున్న కాలంలో అత్తగారి పక్కన నిలబడి నేర్చుకునే చదువు అచ్చులోకి వచ్చింది.

పుస్తకం తర్వాత తెర వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగి అమెరికా వెళ్లిన సంజయ్ తుమ్మ 2007లో 'వాహ్‌రేవాహ్' పేరుతో వంటలను ఇంటర్నెట్‌కు ఎక్కించారు. 2016లో ఓ ఆంధ్ర పల్లెలో మస్తానమ్మ అనే అవ్వ పొలంలో కట్టెల పొయ్యి వెలిగించింది. ఆమె కుటుంబంలోని కుర్రవాడు, అతని స్నేహితుడు కలిసి ఆ వంటను 'కంట్రీ ఫుడ్స్' పేరుతో లోకానికి చూపించారు. వందేళ్లు దాటాయని చెప్పుకున్న ఆ అవ్వ అల్లం పొట్టును గోళ్లతోనే తీసేది. 2018 డిసెంబర్‌లో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. పుచ్చకాయలో చికెన్ వండినందుకే ఆమెకు పేరొచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ వంటకం జనాన్ని రప్పించి ఉండవచ్చు. కూర్చోబెట్టింది మాత్రం ఆ చేతి నేర్పు. వంకాయ కోసే తీరు, మసాలా నూరే తీరు, కూర ఉడికిందో లేదో చూసే తీరు.

ఇంటి వంట చెప్పడమంటే ఏమిటో చూడాలంటే పచ్చిపులుసు దగ్గర మొదలుపెట్టాలి. తెలంగాణ ఇళ్లలో ఎండాకాలం దీన్ని మించిన తేలిక వంట లేదు. నలుగురికి పెద్ద నిమ్మకాయంత, అంటే 30 గ్రాముల చింతపండు అరగంట నానబెట్టి, పిసికి, వడకట్టి, మొత్తం ముప్పావు లీటరు అయ్యేలా నీళ్లు కలపాలి. నాలుగు పచ్చిమిరపకాయలను మంట మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చాలి. ఇక అసలు సంగతి వేరే గిన్నెలో జరుగుతుంది. సన్నగా తరిగిన ఒక పెద్ద ఉల్లిపాయ, కాల్చిన మిర్చి, కొత్తిమీర, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి చేత్తో గట్టిగా పిసకాలి. ఉల్లి మెత్తబడి నీరు వదలాలి. ఆ ఘాటంతా రసంలోకి దిగితేనే పులుసుకు ప్రాణం. పిసకకుండా ముక్కలు తేలేస్తే అది చింతపండు నీళ్లే. ఇందులో పులుసు పోసి, చిన్న బెల్లం ముక్క, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెడితే అయిపోయింది. పులుసు పొయ్యి ఎక్కదు, పోపు ఒక్కటే వేడి. హైదరాబాద్ ఇళ్లలో కిచిడీ పక్కన వడ్డించే ఖట్టా దీనికి దగ్గరి చుట్టం.

పొయ్యి పక్కన నిలబడి చూసినవాళ్లకు ఆ పిసకడం కనిపిస్తుంది. రాసుకున్నవాళ్లకు మాత్రం 'ఉల్లిపాయ ముక్కలు వేయండి' అన్నదే అందుతుంది. ఇంటి వంట పాడయ్యేది సరిగ్గా ఈ సందులోనే.

రాయలసీమ ఉగ్గాని కథా అంతే. కర్నూలు, అనంతపురం, కడప వైపు పొద్దున్నే ప్లేటులో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే టిఫిన్ తిన్నట్టే ఉండదు. అటు బళ్లారి దాకా ఇదే అలవాటు. ఇద్దరికి 100 గ్రాముల బొరుగులు చాలు. నీళ్లలో వేసి, తడవగానే, నిమిషం లోపే తీసి రెండు చేతులతో పిండేయాలి. కోస్తాలో దొరికే పల్చటి మరమరాలైతే ఇంకా త్వరగా తీయాలి, లేదంటే ముద్దవుతాయి. ఉల్లి, పచ్చిమిర్చి, పసుపుతో పోపు వేగాక బొరుగులు వేసి, పైన మూడు చెంచాల పప్పుల పొడి, అంటే పుట్నాలు మెత్తగా కొట్టిన పొడి చల్లాలి. పిండిన బొరుగుల్లో మిగిలిన తడిని ఆ పొడి పీల్చుకుంటుంది. అందుకే ఉగ్గాని పొడిపొడిగా, మెత్తగా వస్తుంది. చివర అర చెక్క నిమ్మరసం. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయాలి, ఎందుకంటే చాలా బొరుగుల్లో ఉప్పు ముందే కలిపి ఉంటుంది. ఈ చివరి వాక్యం చెప్పకపోతే మొదటిసారి చేసినవాడు కచ్చితంగా ఉప్పు ఎక్కువ చేస్తాడు. బొరుగులు నానబెట్టడం దగ్గర్నుంచి ప్లేటులోకి దించడం వరకు పావుగంట పని.

వంటింట్లో ఇలాంటి చెప్పని సంగతులు వందలుంటాయి. కందిపప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఆ పులుపుకు పప్పు ఎంతసేపైనా ఉడకదు. బెండకాయలు కడిగాక తడి పూర్తిగా ఆరకుండా తరిగితే జిగురు సాగుతుంది. వేపుడు మీద మూత పెట్టినా అంతే. చారుపొడి వేశాక ఎక్కువసేపు మరిగిస్తే ఆ కమ్మదనమంతా ఆవిరైపోతుంది. పోపులో ఆవాలు చిటపటలాడక ముందే మిగతావి వేస్తే ఆవాలు చేదుగా, పచ్చిగా ఉండిపోతాయి. ఇవేవీ రహస్యాలు కావు. ప్రతి అమ్మకూ తెలుసు. తెలుసు కాబట్టే చెప్పాలని తట్టదు. వంట పంచుకునేవాళ్లు కొలతలు ఎంత శ్రద్ధగా రాస్తారో, ఎక్కడ చెడిపోతుందో కూడా అంత శ్రద్ధగా రాయాలి. 'మూడు విజిల్స్' అన్నచోట కుక్కర్ ఎన్ని లీటర్లదో, పప్పు నానిందో లేదో చెప్పాలి. 'ఎర్రగా వేయించాలి' అన్నచోట ఎంత మంట మీద, సుమారు ఎన్ని నిమిషాలో చెప్పాలి. కొలత మొదటిసారి చేసేవాడికి ధైర్యం ఇస్తుంది. గుర్తు రెండోసారి నుంచి అతన్ని నడిపిస్తుంది.

నిజాయతీ కూడా కావాలి. 'అయిదు నిమిషాల్లో అదిరిపోయే కూర' అని పేరు పెట్టి, అందులో ముందే ఉడికించిన పప్పు, ముందే నూరిన అల్లం వెల్లుల్లి, ముందే తరిగిన కూరగాయలు చూపించడం చదివేవాళ్లను మోసం చేయడమే. తరగడం, కడగడం, చివర గిన్నెలు తోమడం కూడా వంటే. ఆ లెక్క దాచిపెడితే చేయలేకపోయినవాళ్లు తమ చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని వంట మానేస్తారు. అరగంట పడితే అరగంట అని చెప్పడంలో తప్పేముంది?

వంట రాకపోతే ఏమవుతుందో 2020 మార్చి చూపించింది. లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో హైదరాబాద్‌లోని హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో, కోచింగుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చిన యువత అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. బయల్దేరినవాళ్లలో చాలామంది ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఆ కష్టానికి కారణాలు ఎన్నో. మెస్ మూతపడితే, హోటల్ మూతపడితే ఆ పూట ఏం తినాలో తెలియకపోవడం కూడా అందులో ఒకటి. ఒక స్టవ్, కిలో బియ్యం, పావుకిలో పప్పు ఉన్న గదిలో పప్పన్నం వండుకోగలిగినవాడికి ఆ రోజుల్లో ఆ మేరకు భయం తగ్గింది.

అందులోనూ మగపిల్లల సంగతి మరీ ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ లెక్క ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి వేసే మగవాళ్లది మాత్రమే. అసలు వేలు పెట్టనివాళ్లు ఇందులో లేరు. వంట నేర్పడమంటే కూతురికి నేర్పడమే అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నంతకాలం ఈ తేడా తగ్గదు. తేలిక వంటల కాగితం మొదట కొడుకు చేతికే ఇవ్వాలి. పెద్దవంటలు వాయిదా వేసినా ఫరవాలేదు. పప్పు, చారు, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి, ఉప్మా. ఈ అయిదూ వస్తే పెళ్లయ్యాక భార్య మీద భారం సగం తగ్గుతుంది.

ఆరోగ్యం మాటా చెప్పుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 5 గ్రాముల ఉప్పు మించవద్దని, నూనె తగ్గించాలని, అతిగా ప్రాసెస్ చేసిన ప్యాకెట్ తిండి బాగా తగ్గించాలని చెబుతున్నాయి. బయటి నుంచి తెప్పించుకున్న కూరలో ఎంత ఉప్పు పడిందో, ఎంత నూనె పడిందో ఎవరికి తెలుసు? ఇంట్లో అయితే చెంచా మన చేతిలోనే ఉంటుంది.

వంటలు పంచుకోవడం మొదలయ్యేసరికి ఒక పేచీ వస్తుంది. 'అసలు పద్ధతి ఇది కాదు' అంటారు. ఓరుగల్లు వైపు సర్వపిండి అన్నదాన్ని కొందరు గిన్నెప్ప అంటారు, ఆంధ్ర వైపు తపాలచెక్క అంటారు. ఒకరు ఉల్లికాడ వేస్తారు, ఒకరు శనగపప్పు నానబెట్టి కలుపుతారు. ఒక ఇంట్లో చారులో వెల్లుల్లి దంచి వేస్తారు, ఇంకో ఇంట్లో వెల్లుల్లి వాసన కూడా తగలనివ్వరు, ఇంగువతో సరి. ఈ తేడాలను తగువులకు వాడుకోవడం కన్నా రాసి పెట్టుకోవడం మేలు. ఎవరి ఇల్లో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక్క వాక్యం చేర్చితే చాలు. మన వంటింట్లో రోజూ వాడే మిరపకాయ కూడా నాలుగైదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే. అప్పటి అమ్మమ్మలు కొత్త కాయను పక్కింటి నుంచి నేర్చుకుని ఉండకపోతే గుంటూరు కారమే ఉండేది కాదు.

ఈ వారంలోనే ఒక పూట తీరిక చేసుకుని, ఇంట్లో ఎవరి చారు బాగుంటుందో వాళ్ల పక్కన కాగితం, పెన్ను పట్టుకుని నిలబడండి. వాళ్లు చేత్తో తీసిన ఉప్పును గిన్నెలో పడకముందే చెంచాతో కొలవండి. పులుసు ఎంత చిక్కగా ఉందో, పోపు ఏ రంగుకు దించారో రాసుకోండి. మర్నాడు ఆ కాగితం చూసి ఇంట్లో వంట రానివాళ్ల చేత చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగి అడిగారో ఆ చోట ఇంకో వాక్యం చేర్చండి. ఆ తర్వాత దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి, ఊరు విడిచి వెళ్లే పిల్లల పెట్టెలో పచ్చడి ప్యాకెట్ పక్కన పెట్టండి.