ఇల్లే ముప్పయితే

మిజోరంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి సుమారు 2.7 శాతం, జాతీయ సగటు 0.2 శాతమే. అక్కడా, మణిపూర్‌లోనూ ఈ వ్యాప్తిలో సూదితో ఎక్కించుకునే మాదకద్రవ్యాల పాత్ర విస్మరించరానిది. వ్యసన విముక్తి కేంద్రం నుంచి బయటికి వచ్చిన స్త్రీ తరచూ తిరిగి చేరేది భర్తో, సోదరుడో ఇంకా మత్తులోనే ఉన్న ఇంటికి. ఆమె మళ్లీ జారితే మాత్రం నింద ఆమె మనోబలం మీద.

హెచ్‌ఐవీతో జీవిస్తూ వ్యసనం నుంచి కోలుకుంటున్న 126 మంది స్త్రీలతో అమెరికాలోని మయామి పరిశోధకులు జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. వారిలో కొందరికి కుటుంబ సభ్యులను కలుపుకొని చికిత్స అందించారు. అద్భుతాలేమీ జరగలేదు. అయితే మళ్లీ మత్తుకు లోనైనప్పుడు ఈ స్త్రీలు చికిత్సా సేవలను ఎక్కువగా ఆశ్రయించారు. ఇంట్లోని వ్యసనపరుల నుంచి విడిపోవడమూ వీరిలోనే ఎక్కువ. కుటుంబ చికిత్స అంటే కాపురం నిలబెట్టడమేనని భావించే మన వ్యవస్థకు ఇది మింగుడుపడని ఫలితం.

మన 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును కల్పించింది. సమ్మతి లేకుండా వ్యాధి స్థితిని వెల్లడించరాదన్నది. రెండూ విలువైనవే. కానీ ఆ ఇంటి నుంచే బయటపడదలచిన స్త్రీకి ఆశ్రయమేది? 2020లో 272 జిల్లాల్లో మొదలైన నశా ముక్త్ భారత్ అభియాన్ ప్రతిజ్ఞల లెక్కలను ఘనంగా చెబుతుంది. ఆమె సమ్మతితో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్లకు, పిల్లలతో సహా తలదాచుకునే వసతికి ఎంత కేటాయించారన్నది ఈశాన్య ఎంపీలు పార్లమెంటులో అడగవలసిన ప్రశ్న.