పది మ్యాచ్‌లకే తీసేస్తారా?

"ఈడెందుకూ పనికిరాడు మాస్టారూ, తీసీసేను" అన్నాడు మా ఊరి కుర్రాడు, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే. (నేను ఏనాడూ బడిలో పాఠం చెప్పలేదు. ఇక్కడ కళ్లద్దాలున్న ప్రతివాడూ మాస్టారే.) తీసేసింది ఎవర్నిరా అంటే, పంతొమ్మిదేళ్ల బాస్కెట్‌బాల్ ఆటగాణ్నట. ఎక్కడివాడంటే ఎక్కడివాడూ కాదు. కంప్యూటర్ పెట్టిన పేరు, కంప్యూటర్ ఇచ్చిన ఎత్తు, కంప్యూటర్ వేసిన రేటింగు. ఎనిమిదిమంది కుర్రాళ్లు, ఎనిమిది జట్లు, ఫోన్‌లో నడిచే ఒక ఉత్తుత్తి లీగు. డ్రాఫ్టులో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఏరుకునే తంతులో, నాలుగో పిక్కుగా ఏరికోరి తెచ్చుకున్నవాణ్ని పది మ్యాచ్‌లు ఆడించాడు. సగటున నాలుగు పాయింట్లు వచ్చాయి. బొటనవేలితో ఒక్క నొక్కు. అరకు స్టేషన్ దగ్గర టీకొట్టులో, డిసెంబరు పొద్దున, మంచు ఇంకా విడవకముందే వాడి పని అయిపోయింది.

నవ్వుకోండి. అరవై దాటినవాడికి బొమ్మ ఆటగాడి మీద ఇంత బాధేమిటని నవ్వుకోండి. కానీ ఆ బొటనవేలు నాకు తెలుసు. దాన్ని సెలక్షన్ కమిటీల్లో చూశాను, టీవీ చర్చల్లో చూశాను, ఐపీఎల్ రాత్రుల్లో ప్రతి ఇంటి అరుగు మీదా చూశాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి ఆపింది. డబ్బు పోయింది గానీ వేలికి పట్టిన జబ్బు పోలేదు. ఎదుటివాడు ఆట మొదలుపెట్టగానే వాడి జాతకం రాసేయాలన్న జబ్బు అది.

ఒక లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి నిజంగా 35 శాతం వేయగల చెయ్యి ఒకటుందనుకోండి. మ్యాచ్‌కి నాలుగుసార్లు వేస్తాడు, పది మ్యాచ్‌లకు 40. లెక్క ప్రకారం 14 పడాలి. కానీ అదే చేతికి, సాధనలో ఏ తేడా లేకుండానే, ఒక పది మ్యాచ్‌ల్లో 8 పడొచ్చు, మరో పదిలో 20 పడొచ్చు. రెండూ మామూలు అదృష్టం ఆడించే ఆటలే. 8 పడితే 20 శాతం, వాడు దండగమారి. 20 పడితే 50 శాతం, వాడు దేవుడు. చెయ్యి ఒకటే కదా నాయనా! ఉత్తుత్తి లీగులో అయితే ఇది మరీ నగ్నంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రతి షాటు వెనకా పాచికలు వేసేది యంత్రమే. పాచికల మీద అలిగి ఆటగాణ్ని గెంటేశావు.

సరే, ఆ నాలుగు పాయింట్లు ఎన్ని నిమిషాల్లో వచ్చాయిరా అని అడిగాను. వెతికి చెప్పాడు, పన్నెండట. అంటే 36 నిమిషాలు ఆడనిస్తే పన్నెండు పాయింట్ల కుర్రాడు. వాణ్ని ఇద్దరు సీనియర్ల వెనక బెంచి మీద కూచోబెట్టింది ఎవరు? నువ్వే. వంటగదిలోకి రానివ్వకుండా కూర బాగాలేదంటే ఎలా?

ఇది ఫోన్‌లో బొమ్మల సంగతేలే అనుకుంటే, నిజం ఆటగాళ్ల సంగతి చూడండి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో 2013 డ్రాఫ్టు. పదకొండో పిక్కుగా ఫిలడెల్ఫియాకు వెళ్లాడు మైకేల్ కార్టర్-విలియమ్స్. మొదటి మ్యాచే అప్పటి చాంపియన్ మయామి హీట్ మీద. 22 పాయింట్లు, 12 అసిస్టులు, 9 స్టీళ్లు, 7 రీబౌండ్లు. జట్టు గెలిచింది. సీజన్ ముగిసేసరికి సగటు 16.7 పాయింట్లు, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి. లోకమంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడని సంగతి ఒకటుంది. ఆ ఏడు ఫిలడెల్ఫియా 19 గెలిచి 63 ఓడింది, అందులో 26 వరసగా. అంత బీద జట్టులో బంతి ఎప్పుడూ ఎవడో ఒకడి చేతిలో ఉండాలి కదా, వీడి చేతిలో ఉంది. మూడు పాయింట్ల షాట్లు వందకి 26 పడ్డాయి. అసలు కబురు ఆ అంకెలో ఉంది, ఎవరూ అటు చూడలేదు. 2015 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అతన్ని వదిలించుకుంది, మిల్వాకీ తీసుకుంది.

మిల్వాకీలో అప్పటికే ఒక బక్కపలచని గ్రీకు కుర్రాడున్నాడు. అదే 2013 డ్రాఫ్టులో పదిహేనో పిక్కు. మొదటి ఏడు సగటు 6.8 పాయింట్లు. మా టీకొట్టు కుర్రాడి చేతిలో పడి ఉంటే సంక్రాంతికి ముందే ఇంటికి పోయేవాడు. అతని పేరు యానిస్ ఆంటెటోకుంపో. 2019లో, 2020లో లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు. 2021లో టైటిల్ తెచ్చిన ఆఖరి మ్యాచ్‌లో 50 పాయింట్లు.

మరి ఆంథొనీ బెనెట్ మాటేమిటంటారు, తెలుసు. అదే డ్రాఫ్టులో మొట్టమొదటి పిక్కు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క ఫీల్డ్ గోల్ పడలేదు. జనం ఎగతాళి చేశారు. నాలుగేళ్లు తిరక్కుండానే లీగులోంచి వెళ్లిపోయాడు. ఆ జోస్యం ఫలించింది, ఒప్పుకుంటాను. కానీ ఆ కొలబద్ద పెట్టే కొలిస్తే యానిస్‌నీ వెళ్లగొట్టాలి, కార్టర్-విలియమ్స్‌ని నెత్తిన పెట్టుకోవాలి. ముగ్గురిలో ఒకరి విషయంలో కుదిరింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకికి జ్యోతిషం వచ్చని చెప్పకండి.

ఇంతకీ ఈ వేలు నొక్కిన కుర్రాడెవరు? కాఫీ రైతు కొడుకు. నాకు మండేది అక్కడ. వాళ్లింటి వెనక వాలులో రెండేళ్ల కిందట పెట్టిన మొక్కలున్నాయి. నారు పెంచి, వానలు పడ్డాక గోతుల్లో నాటి, పైన సిల్వర్ ఓక్ నీడ చూసుకుని, వేసవిలో మొదళ్ల చుట్టూ ఆకు చెత్త కప్పి కాపాడుతున్నారు. ఇప్పటికి ఒక్క పండు లేదు. మూడో ఏడో నాలుగో ఏడో తొలి కాపు, నిండు కాపు ఇంకా తర్వాత. పండు కనపడలేదని వాళ్లమ్మ ఒక్క మొక్క కూడా పీకలేదు. ఆకు రంగు చూస్తుంది, కొత్త కొమ్మలు ఎన్ని జతలు వేసిందో చూస్తుంది, మొదలు కదిపి చూస్తుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఇలాంటి అమ్మల చూపు వల్ల వచ్చింది. ఏరివేత అక్కడ లేదనకండి, ఉంది, కఠినంగానే ఉంది. కోసిన పండ్లను నీళ్లలో పోస్తారు. తాలు తేలుతుంది, దాన్ని తీసేస్తారు. కానీ పండిన తర్వాత పోస్తారు. పూత మీద ఉన్న కొమ్మను తెచ్చి నీళ్లలో ముంచి, "తేలింది, పారేయండి" అనే మనిషిని ఈ కొండల్లో నేను చూడలేదు. ఆ పని పట్నంలో చూశాను.

నా మీదే చేశారు గనక చెప్తున్నాను. మా ఊళ్లో బాస్కెట్‌బాల్ బుట్ట అంటే పనస చెట్టుకు కొట్టిన సైకిలు రింగు. చదును నేల ఎక్కడైనా ఉంటే దాంట్లో వరి వేస్తాం, ఆటలు వాలులోనే. వాలులో బంతి కొడితే ఒక పక్కకి లేస్తుంది, ఆ లేచే తీరుకి మా ఒళ్లు అలవాటు పడిపోయింది. కిరండూల్ పాసింజర్‌లో సొరంగాలన్నీ దాటి విశాఖ దిగి, ఒక కాలేజీ సెలక్షన్‌కి వెళ్లాను. ఆ కాలేజీ పేరు ఇప్పుడెందుకు? జీవితంలో మొదటిసారి సిమెంటు కోర్టు మీద కాలు పెట్టాను. బంతి కొట్టిన ప్రతిసారీ తిన్నగా, నేను అనుకున్నదానికంటే ముందే చేతికి వచ్చేస్తోంది. తడబడ్డాను. ఇరవై నిమిషాలు చూశారు. అట్ట పట్టుకున్న పెద్దమనిషి నా పేరు ఎదురుగా ఒక మాట రాశాడు. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. 'స్లో'. ఇంకో వారం ఆ సిమెంటు మీద ఆడనిస్తే నేనేమయ్యేవాణ్నో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. తెలీదన్న సంగతి నేను ఒప్పుకుంటున్నాను. ఆయన ఒప్పుకోలేదు, రాసేశాడు.

క్రికెట్‌లోనూ ఇదే తంతు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్‌కి ఆడినవి రెండే మ్యాచ్‌లు. ఖాతాలో పరుగూ లేదు, వికెట్టూ లేదు. 2024లో 303 పరుగులు, వర్ధమాన ఆటగాడి అవార్డు. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114. తర్వాతి ఐపీఎల్‌లో 182 పరుగులకు తగ్గేసరికి, ముందటేడు హారతి పట్టిన నోళ్లే "ఒక్క సీజన్ గాలి" అన్నాయి. ఆ పిల్లాడికి అప్పుడెన్నేళ్లు? ఇరవై రెండు నిండుతున్నాయంతే.

ఇంకో పేరు చెప్పనా? పంగి కరుణ కుమారి. పాడేరు దగ్గర వంట్లమామిడి అమ్మాయి. 2025 నవంబరులో జరిగిన తొలి అంధ మహిళల టీ20 ప్రపంచకప్‌ను గెలిచిన భారత జట్టులో ఆడింది. గలగలమనే బంతిని చెవితో పట్టుకుని కొట్టే ఆట అది. కొలంబోలో జరిగిన ఫైనల్లో నేపాల్ మీద ఏడు వికెట్ల గెలుపు. మన కొండల నుంచి లోకం మీదికి వెళ్లిన అసలు సిసలు కొత్త ఆటగత్తె. ఆ టీబల్ల చుట్టూ ఉన్న ఎనిమిదిమందిలో ఆ పేరు తెలిసినవాళ్లు ఇద్దరు. కంప్యూటర్ పుట్టించినవాడి రీబౌండ్లు మాత్రం ఎనిమిదిమందికీ కంఠతా వచ్చు!

కాబట్టి ఒరే నాయనల్లారా, కొలవొద్దనడం లేదు. కొలవండి, మీ అమ్మ కాఫీ మొక్కను కొలిచినట్టు. పాయింట్లు చూసేముందు నిమిషాలు చూడండి. వయసు చూడండి. పంతొమ్మిదేళ్లవాడి నాలుగు పాయింట్లూ, ఇరవై మూడేళ్లవాడి నాలుగు పాయింట్లూ ఒకటి కావు. ఫ్రీ త్రోలు ఎలా వేస్తున్నాడో చూడండి, అడ్డం ఎవరూ రాని చోట చెయ్యి అబద్ధమాడదు. బంతి పోగొట్టుకోవడం నవంబరు కంటే జనవరిలో తగ్గిందా లేదా చూడండి. పక్కన ఎలాంటి జట్టుంది, బాగున్న జట్టా, వరసగా 26 ఓడే జట్టా? ఇవన్నీ చూసి, కనీసం సగం సీజన్ ఆడించి, అప్పుడు కూడా వద్దనిపిస్తే పంపించండి, నేనేమీ అనను. అట్ట పట్టుకుని మైదానాల పక్కన నిలబడే పెద్దమనుషులకూ ఇదే మనవి. కొండ మీంచి దిగిన పిల్లలకు ఇరవై నిమిషాలు కాదు, ఒక్క నెల ఇవ్వండి. చదును నేల అలవాటు కానివ్వండి.

ఇక ఆ తీసేసిన ఆటగాడి సంగతి. ఎనిమిది జట్లలో ఒకడు విసిగి మానేస్తే, ఆ ఖాళీ నేను తీసుకున్నాను. ఫోన్ ఎలా వాడాలో ఆ టీకొట్టు కుర్రాడే నేర్పాడు. నేర్చుకోగానే చేసిన మొదటి పని ఆ పంతొమ్మిదేళ్లవాణ్ని నా జట్టులోకి తెచ్చుకోవడం. రోజుకి 30 నిమిషాలు ఆడిస్తున్నాను. ప్రస్తుతానికి మా జట్టు ఎనిమిదో స్థానంలో ఉంది.