అమ్ముగూడ నుంచి అద్దె సైకిల్ మీద

పోయిన వారం డాక్టర్ గారు నా మోకాలి ఎమ్మారై ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి చూసి, "ఆడితే ఆడండి. నలభై దాటాక మెట్లెక్కలేకపోతే మాత్రం నన్ను అడక్కండి" అన్నారు. అంటే ఆడొద్దనే కదా!

అసలు నా ఫుట్‌బాల్ కెరీర్ ఎంతని? ఆదివారం పొద్దున్నే బండేసుకుని టర్ఫ్‌కి పోవడం, గంట సేపు మిడ్‌ఫీల్డ్‌లో రొప్పడం, వచ్చేటప్పుడు ఆనందపురం పూల మార్కెట్ దగ్గర ఆగి అమ్మకి బంతిపూలు పట్టుకురావడం. అంతే. కానీ వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి ఆ గంట ఎంతో మీకు తెలుసు. 28 ఏళ్లకి అదీ పోయింది.

ఇంటికొచ్చి మంచమెక్కి, ఫోన్‌లో కెవిన్ డి బ్రుయ్నే వీడియోలు పెట్టుకున్నాను. ఈ బెల్జియం మిడ్‌ఫీల్డర్ బయోడేటా నా బయోడేటా కంటే నాకు బాగా గుర్తు. గెంక్‌లో మొదలు. 2012లో చెల్సీ కొంది, సరిగ్గా ఆడనివ్వలేదు. జర్మనీ వెళ్లి వుల్ఫ్స్‌బర్గ్‌లో తానేంటో చూపించాడు. 2015లో మాంచెస్టర్ సిటీ, అక్కడ పదేళ్లు. 2019-20 సీజన్‌లో 20 అసిస్ట్‌లతో థియెరీ ఆన్రీ రికార్డును సమం చేశాడు. 2023 ఆగస్టులో తొడ కండరం తెగి, ఆపరేషనై, నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత జనవరిలో న్యూకాజిల్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఒక గోల్ కొట్టి, గెలిపించే గోల్‌కి పాస్ ఇచ్చాడు. ఆ పాస్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

పక్క మంచం మీద మా తాత. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. కాసేపు నా ఫోన్‌లోకి తొంగి చూసి, "ఈడెవుడ్రా, ఎర్రగున్నాడు?" అన్నాడు. చెప్పాను. "మనోల్లలో ఇలాటోడు ఒక్కడూ లేడేటి?" అన్నాడు.

"లేడు తాతా" అనేశాను, ఏమాత్రం తడుముకోకుండా. తర్వాత ఎందుకో నాకే డౌటొచ్చి వెతికాను.

ఉన్నాడు. తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద ఇల్లు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ కుర్రాడి ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. రహీం సాబే అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రప్పించారని చెబుతారు. నాకు ఈ ఒక్క ముక్క చాలు, రహీం ఎలాంటి కోచో అర్థం కావడానికి. టాలెంట్‌ని గుర్తుపట్టేవాళ్లు చాలామందే ఉంటారు, సైకిల్ కిరాయి దాకా ఆలోచించేవాళ్లే దొరకరు. (మా మేనేజర్ ఇది చదవడనే ధైర్యం.)

ఆ సైకిల్ ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో బలరాం ఉన్నాడు. ఆ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుది నాలుగో స్థానం! మరుసటి ఏడాది కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, 1961లో దానికే కెప్టెన్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇండియా పడింది హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపులో. హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాత 1967లో బాలన్ డి'ఓర్ గెలిచినవాడు. ఆ హంగరీ మనల్ని 2-1తో అతి కష్టం మీద దాటింది. మన ఒక్క గోల్ బలరాంది. పెరూ మీద ఓడినప్పుడూ మన గోల్ ఆయనదే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా.

పేపర్ మీద ఫార్వర్డే. కానీ వెనక్కి దిగి బంతి అందుకుని పక్కవాళ్లకి ఆట తయారుచేసి పెట్టేవాడని అప్పట్లో చూసినవాళ్లు రాశారు. అంటే డి బ్రుయ్నే వీడియోల్లో నేను రివైండ్ చేసి చూసే పనే అన్నమాట.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు. ఆ ఏడాదే బలరాంకి అర్జున అవార్డు వచ్చింది.

తర్వాతి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో రహీం పోయారు. అదే ఏడాది బలరాంకి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట ఆగిపోయింది. 27 ఏళ్లకే.

ఇక్కడే నేను ఫోన్ పక్కన పెట్టాను. 27 ఏళ్లకి డి బ్రుయ్నే సిటీలో చేయాల్సింది ఇంకా సగం పైనే మిగిలి ఉంది. ఇద్దరి ఒంటికీ దెబ్బ తగిలింది. ఒకరికి సర్జన్, ఫిజియో, జీతమిస్తూ ఎదురుచూసే క్లబ్ ఉన్నాయి. ఇంకొకరికి మిగిలింది రైల్వే ఉద్యోగం. దాన్ని చిన్నచూపు చూడట్లేదు, ఆ ఉద్యోగమే నిలబెట్టింది. కానీ ముగ్గురిలో మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చి, ఈయనకి రాలేదు. ఆ బాధ ఆయన చివరిదాకా దాచుకోలేదు. దాచుకోవాలని నేనూ అనను. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉండేవాడు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్లకి పోయాడు. రహీం మీద తీసిన 'మైదాన్' సినిమా మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. అది నేను థియేటర్లోనే చూశాను. బలరాం మనవైపు వాడన్న సంగతి అప్పుడు బుర్రకే ఎక్కలేదు.

తాతకి ఇదంతా చదివి వినిపిస్తున్నాను. "చివర్లో ఏ టీముకి ఆడాడన్నావు?" అని ఆపాడు.

"బీఎన్‌ఆర్."

లేచి కూర్చున్నాడు. "బీఎన్నారా? అది మందేరా!"

నిజమే. బెంగాల్ నాగపూర్ రైల్వే. మన వైజాగ్ పోర్టు కట్టింది ఆ కంపెనీయే, 1933లో తెరిచారు. వాల్తేరు దానికి స్టేషనే. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అని కొత్త పేరొచ్చినా ఫుట్‌బాల్ టీము పాత పేరుతోనే ఆడింది. మా తాతా పాత పేరుతోనే పిలుస్తాడు. సికింద్రాబాద్ నుంచి కోల్‌కతాకి రైలెక్కితే దారి వాల్తేరు మీదుగానే కదా. బలరాం ఎన్నిసార్లు ఈ స్టేషన్లో టీ తాగి ఉంటాడో అని తాత లెక్కలేయడం మొదలెట్టాడు.

"ఆడి ఆట చూపించు మరి" అన్నాడు.

వెతికాను. ఆట దొరకలేదు. నలుపు తెలుపు ఫొటోలు వచ్చాయి. ఒకటి తెరిచి ఫోన్ చేతికిచ్చాను. వేళ్లతో ఎలా పెద్దది చేయాలో తాతకి ఈ మధ్యే వచ్చింది. మొహాన్ని వదిలేసి కిందికి జరిపి, కాళ్ల దగ్గర పెద్దది చేసుకుని చూస్తున్నాడు.