నుదుటి రాత కాదు, నుదుటి మీది లెక్క

కర్నూలు, కడప పల్లెల్లో గుండెజబ్బుతో బిడ్డ పుడితే ఇప్పటికీ వినబడే మాట "నుదుటి రాత". మన వాడల్లో ఆ మాట తరతరాలుగా నాటారు. ఈ రోజు అదే నుదురు గురించి మాట్లాడదాం.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2021 అక్టోబరులో తిరుపతిలో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచారు. కూలోళ్ల బిడ్డకూ ఆపరేషన్ బల్ల అందింది. అది మామూలు విషయం కాదు.

ఆ బల్ల మీద గుండెను ఆపి, రక్తాన్ని యంత్రంతో నడిపిస్తారు. నాడి ఉండదు కాబట్టి వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ అప్పుడు పనికిరాదు. మరి మెదడుకు ఆక్సిజన్ అందుతోందా? అది తెలుసుకోవడానికి నుదుటికి ఒక పట్టీ అంటిస్తారు. కంటికి కనబడని పరారుణ కాంతి లోపలికి పోయి తిరిగొస్తుంది. దాన్ని బట్టి తెర మీద ఒక అంకె. అది పడిపోతే డాక్టర్లు రక్తప్రవాహం పెంచుతారు, లోపం వెతుకుతారు.

ఆ కాంతి చర్మం దాటే పోవాలి. చర్మంలోని మెలనిన్ కాంతిని మింగుతుంది.

2020లో మిషిగన్ పరిశోధకులు చూపించారు: ఆక్సీమీటర్ బాగుందని చెప్పినా నిజంగా ఆక్సిజన్ తగ్గినవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. నుదుటి పట్టీ మీద పెద్దవాళ్లలో జరిగిన కొన్ని పరిశోధనల్లో నల్లవాళ్లకు అంకె తక్కువ వచ్చింది. ఒకటి ఎక్కువ చూపింది, ఒకటి తక్కువ చూపింది. తప్పు తప్పే.

"అంకె కాదు, అంకెలో మార్పు చూస్తాం" అంటారు. మంచిదే. కానీ ప్రమాదపు హద్దు గీసేదీ అంకెలతోనే కదా? అది ఎవరి చర్మం మీద గీశారు?

"సైన్సులోకి కులం తెస్తారా?" అనేవాళ్లకు ఒక మాట. నలుపంటే దళితులే అని నేననడం లేదు. కులం జాతి కాదని అంబేద్కర్ ఎప్పుడో తేల్చారు. కానీ డబ్బున్నోడికి ఒకచోట అనుమానమొస్తే ఇంకోచోట చూపించుకునే దారుంది. కార్డు పట్టుకుని వచ్చిన మాదిగ తల్లికి ఆ ఒక్క అంకే ఆఖరు మాట.

యంత్రం వద్దనడం లేదు. ఇంకా కావాలి, మన బిడ్డల్ని కూడా లెక్కలోకి తీసుకున్న యంత్రం కావాలి. ప్రజల డబ్బుతో కొనే ప్రతి పరికరం టెండరులో, ఏ రంగు చర్మం మీద, ఏ వయసు బిడ్డల మీద పరీక్షించారో కంపెనీ రాసివ్వాలి.

కర్నూలు, కడప మెడికల్ కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆర్టీఐ వేయండి. రాత అనుకుంటే ఏడవడమే మిగులుతుంది. లెక్క అయితే నిలదీయొచ్చు.

జై భీమ్.