జిగురు సాగిందా, మెషీన్ సాగిందా?

ఫోన్ స్క్రీన్ మార్పించాక కొన్నాళ్లకే ఓ మూల పైకి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎప్పుడైనా గమనించారా? అది మూల దగ్గరో అంచు దగ్గరో మొదలవుతుంది కానీ మధ్యలో కాదు. ఎందుకో నాకు అర్థమైంది బీటెక్ ఫైనల్ ఇయర్‌లో. అదీ ఓ పెద్ద తప్పు చేశాక!

మాది మెకానికల్. ప్రాజెక్టు పైకి చాలా సింపుల్. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు అల్యూమినియం పట్టీలు తీసుకోవాలి. ఒకదాని చివర మీద ఇంకోదాని చివర పన్నెండున్నర మిల్లీమీటర్ల మేర ఆనించి, మధ్యలో ఎపాక్సీ రాసి అతికించాలి. ఇదే ల్యాప్ జాయింట్. గట్టిపడ్డాక యూటీఎం మెషీన్‌లో బిగించి రెండు వైపులా లాగాలి. పేకముక్కల కట్టను పైనుంచి పక్కకు తోస్తే ఎలా జారుతుందో, జిగురు పొర మీద అలాంటి బలం పడుతుంది. అదే షియర్. పొర పక్కకు ఎంత జరిగిందో కొలిచి, దాన్ని పొర మందంతో భాగిస్తే షియర్ స్ట్రెయిన్ వస్తుంది.

మా పొర మందం 0.2 మిల్లీమీటర్లు. 5,000 న్యూటన్ల దగ్గర మెషీన్ 1 మిల్లీమీటర్ కదలిక చూపించింది. భాగించా. 5 వచ్చింది. అంటే 500 శాతం! రాయిలా గట్టిపడిన ఎపాక్సీ రబ్బరు బ్యాండ్‌లా సాగిందన్నమాట. గ్రాఫ్ నీట్‌గా వచ్చిందన్న సంబరంలో రిపోర్టులో పెట్టేశా. గైడ్ సార్ చూసి ఒక్కటే అడిగారు. "ఇందులో జిగురు వాటా ఎంత బాబూ?"

రాత్రి హాస్టల్లో లెక్క వేశా. పట్టీ క్రాస్ సెక్షన్ 40 చదరపు మిల్లీమీటర్లు, కాబట్టి స్ట్రెస్ 125 మెగాపాస్కల్స్. అల్యూమినియం యంగ్స్ మాడ్యులస్ సుమారు 70 గిగాపాస్కల్స్. జాయింటుకు అటూ ఇటూ కలిపి 125 మిల్లీమీటర్ల పట్టీ ఉంది. అదొక్కటే 0.22 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే జిగురు పొర మందం కంటే ఎక్కువ! మరి జిగురు? షియర్ మాడ్యులస్ 1 గిగాపాస్కల్ అనుకుంటే సగటున జరిగేది 0.003 మిల్లీమీటర్లే. మిగతాదంతా గ్రిప్పుల్లో పట్టీ జారడం, మెషీన్ తాను కాస్త సాగడం. నేను కొలిచింది జిగురును కాదు, మెషీన్‌ను.

స్ట్రెయిన్ గేజ్ అంటిస్తే పోలా అంటారా? అది ఇంత సన్నటి పొర కంటే చాలా వెడల్పు. లోహం సంగతి చెబుతుంది కానీ జిగురు సంగతి చెప్పదు. పైగా దాన్నీ జిగురుతోనే అంటించాలి!

సరైన దారులు రెండున్నాయి. ఒకటి, సాగడం, వంగడం తగ్గేలా మందపాటి లోహం వాడి, పొరకు ఆనుకుని అటూ ఇటూ ఎక్స్‌టెన్సోమీటర్ మొనలు పెట్టడం. మొనల మధ్య మిగిలిన లోహం వాటాను లెక్కగట్టి తీసేస్తారు. రెండోది కెమెరా. జాయింట్ పక్క అంచుకు తెల్లరంగు వేసి, దాని మీద సన్నటి నల్లచుక్కలు చల్లి, లాగుతున్నంతసేపూ ఫోటోలు తీస్తారు. ఏ చుక్కల గుంపు ఎటు జరిగిందో సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ అంటే ఇదే.

అలా చూస్తే అసలు కథ బయటపడుతుంది. స్ట్రెయిన్ అన్నిచోట్లా సమానంగా ఉండదు. రెండు చివర్లలో ఎక్కువ, మధ్యలో తక్కువ. 1938లోనే వోల్కెర్సెన్ ఈ లెక్క చెప్పాడు. పట్టీలు ఒకే గీత మీద లేవు కాబట్టి లాగినప్పుడు వంగి, చివర్లలో జిగురును ఊడబెరికే బలం కూడా పుడుతుందని 1944లో గోలాండ్, రైస్నర్ చూపించారు. సగటు బాగానే ఉన్నా చివర తెగిపోవచ్చు.

ఇది ల్యాబ్ గొడవ మాత్రమే కాదు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. ఒక విమాన సిబ్బంది ప్రాణం పోయింది. రేకుల ల్యాప్ జాయింట్లలో జిగురు ఎప్పుడో పట్టు వదిలేసింది, తేమ చేరి తుప్పు పట్టింది. జిగురు మోయాల్సిన బరువు రివెట్ల మీద పడి, వాటి రంధ్రాల దగ్గర పగుళ్లు మొదలయ్యాయి.

నేనిప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. యాప్ స్లో అని ఫిర్యాదు వస్తే, డ్యాష్‌బోర్డ్‌లో సగటు మాత్రం పచ్చగా నవ్వుతుంటుంది. అప్పుడు సార్ మాటే గుర్తొస్తుంది. ఈ నంబర్‌లో నెట్‌వర్క్ వాటా ఎంత? డేటాబేస్ వాటా ఎంత? చివర్లో ఉన్న యూజర్ పరిస్థితేంటి?

అన్నట్టు, ఆ ప్రాజెక్టు మళ్లీ మొదటి నుంచి చేశా. రెండో గ్రాఫ్ అంత అందంగా రాలేదు. కానీ అది జిగురుదే.