చెట్టుమందు – పరీక్ష

పల్లేరుకాయల కషాయం, కొండపిండాకు, గలిజేరు మూత్రపిండాల బాధకు మన పల్లెల్లో తరతరాలుగా వాడుకలో ఉన్నవి. వైద్యుడు గోక్షురమన్న దానినే హకీము ఖార్‌ఖసక్ అంటాడు. మందు ఒక్కటే, పేర్లే వేరు. ఈ వారసత్వాన్ని మేము తృణీకరించడం లేదు.

అయితే చెట్టుమందు చెరుపు చేయదన్న నమ్మకాన్ని మాత్రం ప్రశ్నించక తప్పదు. మొక్క తాను మొలచిన నేలలోని ఇనుమును, జింకునే గాక సీసాన్ని, కాడ్మియాన్ని సైతం పీల్చుకుంటుంది. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్మిన 193 ఆయుర్వేద మందులను పరీక్షించగా సుమారు ఐదింట ఒక వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనిపించింది. ఈ లోహాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు వాటిని సరిగా విసర్జించజాలవు. అనగా, ఆ మందు కోరివచ్చిన రోగికే ముప్పు అధికము.

ఎగుమతి చేసే మూలికా మందులకు లోహ పరీక్షను మన ప్రభుత్వం 2006లో తప్పనిసరి చేసింది. సీసం పది లక్షల భాగాలలో 10 భాగాలకు మించరాదు. మరి మంథని సంతలో పొట్లం కట్టి ఇచ్చే పొడిని ఎవరు పరీక్షిస్తున్నారు?

విద్యార్థులారా! ఇంటిలో పెద్దలు వాడే పొడి ఏదో, ఎవరు చేసినదో అడగండి. లైసెన్సు నంబరు లేని పొట్లం కొననీయకండి. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. వాడుతున్న మూలికను డాక్టరుకు దాచక చెప్పండి. పరీక్ష కోరడం పెద్దలను అవమానించడం కాదు, వారిని కాపాడుకోవడమే.